గ్లెండా చూడని కచేరీ

"నేను లేనప్పుడు నడిచేస్తుందేమో!"

ఆ మాట పైకి అనేశానని గ్లెండా ఇబట్‌సన్ తలెత్తి నావైపు చూశాక గానీ నాకు తెలియలేదు. అప్పటికి మా ఐరిస్‌కు ఏడాది నిండబోతోంది. సోఫా పట్టుకుని నిలబడుతుంది, చేయి వదులుతుంది, చతికిలబడి నవ్వుతుంది. రోజూ పొద్దున్నే పిల్లను గ్లెండా ఇంట్లో దింపి నేను నీటి పరీక్షల ల్యాబుకు పరిగెత్తాలి. పిల్ల మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా ఆవిడ దగ్గరే గడుస్తుంది. అంటే తొలి అడుగు ఆవిడ తివాచీ మీదే పడే అవకాశం ఎక్కువ. సైన్సు చదువుకున్నందుకు నాకు మిగిలింది ఇదే, భయానికి కూడా శాతాలు కట్టుకోవడం.

"నడిస్తే నాకు చెప్తారా?" అని అడిగాను.

"చెప్పను" అంది గ్లెండా, ఐరిస్ మూతి తుడుస్తూ. "పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నవాళ్ళెవరూ చెప్పరమ్మాయ్. పొద్దున నడిచిన పిల్ల సాయంత్రం మళ్ళీ నడుస్తుంది. అదే మొదటిసారి అనుకుని తల్లి ఏడుస్తుంది. మేమూ బుగ్గలు నొక్కుకుని 'అయ్యో, చూశావా తల్లీ!' అంటాం."

"అది అబద్ధం కదా?"

"మర్యాద. చూడలేకపోయినదాని కడుపుమంట ఎలా ఉంటుందో నాకు తెలుసులే. నలభై ఏళ్ళుగా మండుతోంది."

ఆ మంట సంగతి వాక్లీ కొండ మీద మా వీధివీధంతా ఎరుగుదురు. గ్లెండా దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. మా ఉక్కు ఊరు షెఫీల్డ్‌లో ఆ వయసువాళ్ళకు పేల్ ఫౌండ్రీ అంటే ఒక బ్యాండు పేరు మాత్రమే కాదు, వాళ్ళ యవ్వనం పేరు. పంక్ సంగీతపు హోరు తగ్గుముఖం పట్టాక వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళ గిటారు గీరుకుపోయేది, బేస్ గిటారు పాటను బండిలా లాక్కెళ్ళేది. గాయకుడైతే పాడేవాడు కాదు, ఫోర్‌మన్ మీద ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పుకుపోయేవాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'రెండో షిఫ్టు' గ్లెండా ఇంట్లో మూడు కాపీలుంటాయి. ఒకటి వినడానికి, ఒకటి దాచుకోవడానికి. మూడోది చెల్లెలు మాక్సీన్ అడిగితే ఇవ్వకుండా ఉండడానికి.

1979 ఫిబ్రవరిలో గ్లెండాకు పద్దెనిమిదేళ్ళు. చెంచాలు, ఫోర్కులు పెట్టెల్లో సర్దే పని. ఆమె, మాక్సీన్ ఇద్దరూ ఆ బ్యాండు కుర్రాళ్ళు అద్దెకున్న ఇంటి చుట్టూ తిరుగుతుండేవాళ్ళు. ఆల్బమ్‌ను వాళ్ళే సొంతంగా వేసుకున్నారు. రికార్డులు పెట్టే అట్టలు ప్రెస్సు నుంచి మడత పెట్టకుండా, అంటించకుండా వచ్చాయి. ఆ సాయంత్రమే నది ఒడ్డున ఉక్కు కార్మికుల క్లబ్బు మేడ మీద తొలి పెద్ద కచేరీ. రికార్డులు అక్కడే అమ్మాలి. ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని అట్టలు అంటించి, వేళకు పట్టుకురావాలి.

జిగురు వాసనకు తలనొప్పి వస్తోందని మాక్సీన్ నుదురు పట్టుకుంది. గ్లెండా ఉండిపోయింది.

అంటించినవి ఒకదానిమీద ఒకటి పెడితే అతుక్కుపోయేవి. అందుకని నేల మీద, మెట్ల మీద, స్నానాల తొట్టి అంచు మీద పరిచింది. ఓవెన్ తలుపు తెరిచి ఆ వేడికి ఆరబెట్టింది. పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళేసరికి జనం మెట్లు దిగి వస్తున్నారు. చలిలో వాళ్ళ ఒంటినుంచి ఆవిర్లు లేస్తున్నాయి.

"ఒక్కడూ మాట్లాడట్లేదమ్మాయ్" అని నాతో చాలాసార్లు చెప్పింది. "పెళ్ళి భోజనం చేసొచ్చినవాళ్ళలా ఉన్నారు అందరూ. నేను విస్తళ్ళు ఎత్తడానికి వచ్చినదానిలా నిలబడ్డా."

లోపల జరిగింది ఆ తర్వాత ఊరంతా కథలు కథలుగా చెప్పుకున్నారు. 'క్యాంటీన్ గంట' పాట మధ్యలో ఫ్యూజు పోయి చీకటైంది, గిటారూ బేసూ మూగబోయాయి. డ్రమ్ములు ఆగలేదు. జనమే కాళ్ళతో చెక్క నేల మీద బేస్ వరసను తొక్కారు. గాయకుడు మైకు లేకుండా ఆ చీకట్లోనే అరిచాడు. పాట పూర్తయింది. అంతకు మించిన కచేరీ మళ్ళీ వాళ్ళు ఇవ్వలేదంటారు.

గ్లెండా ఆ తర్వాత లీడ్స్ వెళ్ళింది, హల్ వెళ్ళింది, బ్రాడ్‌ఫర్డ్‌లో వానలో తడుస్తూ వాళ్ళ వ్యాను తోసింది. ఒక్క కచేరీ వదల్లేదు. ఏదీ ఆ లోటు తీర్చలేదు. క్రిస్మస్ భోజనాల దగ్గర మాక్సీన్ "నేల ఊగిందంటే నమ్మండి..." అని మొదలుపెట్టగానే గ్లెండా లేచి కెటిల్ పెట్టేది. ఆ ఇంట్లో ఆ పూట అందరూ రెండేసి కప్పుల టీ ఎక్కువ తాగేవారు. పాత రికార్డులు సేకరించేవాళ్ళు గ్లెండా వేలిముద్ర జిగురులో ఎండిపోయిన అట్ట దొరికితే మురిసిపోతారు. ఒకతను ఆమె చేయి పట్టుకుని "మీ అదృష్టమే అదృష్టం" అన్నాడట. "జిగురు చూసి కుళ్ళుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా నాయనా" అని చేయి విడిపించుకుంది.

కుళ్ళు విషయంలో నేనూ తక్కువేం తినలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఐరిస్ ఆవిడ మెడలో మొహం దాచుకుని ఉంటే, నా కూతుర్ని ఎవరో అప్పు తీసుకుని తిరిగివ్వడం మరిచిపోయినట్టు ఉండేది.

ఆ వసంతంలోనే నెవిల్ స్టానిఫోర్త్ అటక మీద ఒక క్యాసెట్ దొరికింది. నెవిల్ రిటైరైన బస్సు డ్రైవరు, పేల్ ఫౌండ్రీ అభిమానుల్లో పెద్దదిక్కు. ఆనాడు కోటు కింద టేప్ రికార్డరు దాచుకుని వెళ్ళాడట. ఇన్నేళ్ళూ పోయిందనుకున్న టేపు అది. ఆదివారం మధ్యాహ్నం పబ్బు వెనక గదిలో అందరికీ వినిపిస్తానన్నాడు.

"నేను రాను" అంది గ్లెండా వారమంతా.

శనివారం ఫోన్ చేసింది. "రేపు నువ్వూ పిల్లా నాతో రండి. పక్కన బయటివాళ్ళుంటే నేను కాస్త మర్యాదగా ఉంటా."

"అంత భయమెందుకు గ్లెండా? పాత టేపే కదా."

ఆవిడ గొంతు తగ్గించింది. "అది నిజంగా వాళ్ళు చెప్పినంత గొప్పగా ఉంటే, నేను మాక్సీన్ మొహం మళ్ళీ చూడలేనేమో. నాకున్నది అదొక్కతే చెల్లెలు."

వెనక గదిలో పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పైలు, వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయలు, పెద్ద కూజాల్లో టీ. తలలు నెరిసినవాళ్ళంతా నల్ల చొక్కాల్లో వచ్చారు. బొత్తాలు మాత్రం ఎవరికీ సరిగా పట్టడం లేదు. టేపు పెట్టకముందే తగువు మొదలైంది.

"మూడో ఆల్బమ్‌లో సింథసైజర్ కొన్నారు. అక్కడితో చచ్చారు."

"చచ్చింది వాళ్ళు కాదురా, నువ్వు. ఆ ఏడే కదా నీ పెళ్ళి?"

"రెండోది చాలు నాకు. 'కిటికీ లేని గది' వింటే ఇప్పటికీ మా ఫ్యాక్టరీ స్నానాల గది వాసనొస్తుంది."

"అది నీ చొక్కా వాసన."

మాక్సీన్ ముందు వరసలో కూర్చుంది, ఎర్ర లిప్‌స్టిక్, వెండి చెవిపోగులు. "రా అక్కా, నీకోసం కుర్చీ ఆపా" అంది. గ్లెండా వెనక గోడ దగ్గర నా పక్కన కూర్చుంది. ఐరిస్ నా ఒళ్ళో కూర్చుని పోర్క్ పై అంచు కొరుకుతోంది.

నెవిల్ మీట నొక్కాడు. మొదట బుస్సుమని చప్పుడు. ఆ తర్వాత డ్రమ్ములు, బేస్. వాటికంటే గట్టిగా మాటలు! అంత గొప్ప కచేరీలోనూ జనం కబుర్లాడుతూనే ఉన్నారు. ఈసారి బీర్లు ఎవరు తెస్తున్నారు? ఆఖరి బస్సు ఎన్నింటికి? గదిలో నవ్వులు. "ఒరేయ్, అది నా గొంతేరా!" అని ఎవరో సిగ్గుపడ్డాడు. గ్లెండా పెదవులు బిగించింది. నాకే వినబడేలా "నేనైతే నోరు మూసుకుని వినేదాన్ని" అంది.

'క్యాంటీన్ గంట' మొదలైంది. ఆ పాట మీదుగా, రికార్డరు పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టు, లేత ఆడగొంతు తేటగా వచ్చింది.

"కోటు బావుంది, ఎక్కడ కొన్నావ్?" ఎవరో మగమనిషి ఏదో అన్నాడు. ఆ గొంతు కిలకిలా నవ్వింది. "మా అక్కా? ఇంట్లో అట్టలు అంటిస్తోంది. జిగురుకి తలనొప్పి అన్నాను, పాపం నమ్మేసింది."

గదిలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మాక్సీన్ మెడ వెనక భాగం ఎర్రబడడం మా వరస దాకా కనిపించింది. నెవిల్ కంగారుగా టేపు ఆపబోయాడు.

"ముట్టుకోకు" అంది గ్లెండా.

సరిగ్గా అప్పుడే టేపులో గిటారు మోత తెగిపోయింది. బేస్ పోయింది. చీకట్లో కేకలు, "కరెంటు మీటర్లో డబ్బులెయ్యండ్రా!" అని ఎవరిదో వెక్కిరింత. డ్రమ్ములు ఒంటరిగా నడిచాయి. ముందు ఒక జత బూట్లు, తర్వాత పది, తర్వాత గది మొత్తం. నేల దడదడలాడే ఆ చప్పుడు చిన్న స్పీకరు పట్టలేక గరగరమంది. మైకు లేని గొంతు ఎక్కడో దూరం నుంచి, బావిలోంచి అరుస్తున్నట్టు వచ్చింది. వాళ్ళు ఇన్నేళ్ళూ చెప్పినది అబద్ధం కాదు. చెప్పినదానికంటే ఎక్కువే. నేను పుట్టక ముందటి ఆ గదిలో నేను లేనందుకు నాకే గుండె కోసినట్టయింది.

మాక్సీన్ వెనక్కి తిరిగింది. "అక్కా, నేను..."

"ష్!" గ్లెండా వేలు చూపించింది. "పాట వస్తోంది."

కళ్ళు మూసుకుని వింది. మోకాలు మీద చేయి కూడా కదల్లేదు. టేపులో చప్పట్లు మొదలై, అవీ అణిగి, మీట టక్కున పైకి లేచేదాకా ఆవిడ కదల్లేదు. గదిలో ఎవరూ కదల్లేదు.

అప్పుడు లేచి ముందుకు వెళ్ళింది. కళ్ళు తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"దొంగమొహందానా" అంది.

"అవునక్కా."

"కోటు గురించా మాట్లాడేది? వాళ్ళు అలా వాయిస్తుంటే, కోటు గురించా?"

మాక్సీన్ ఏడుపులోనే నవ్వేసింది. "కుర్రాడు బావున్నాడే."

"నలభై ఏళ్ళు నాకు పాట కథ చెప్పావు. నువ్వసలు వినలేదే! సగం పాట కోటుకే పోయింది." చెల్లెలు ఆపిన కుర్చీలో కూర్చుంది. "తలనొప్పి అబద్ధమని నాకు ఎప్పుడూ అనుమానమే. నా మంట నువ్వు అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ అబద్ధం నీకంటే ముందు నాకు తట్టనందుకు. నేనైతే కడుపునొప్పి అనేదాన్ని, ఇంకా బాగా నమ్మేదానివి."

"మరి నన్ను క్షమించినట్టేనా?"

"లేదు. కుళ్ళు రెండింతలైంది. వెళ్ళి నాకో పోర్క్ పై తీసుకురా, ఆవాలముద్ద ఎక్కువ పెట్టించి."

మాక్సీన్ వెళ్ళి తెచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. నెవిల్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మాక్సీన్ గొంతు వచ్చే చోట గ్లెండా తనే శబ్దం తగ్గించబోయి, ఏమనుకుందో, ఇంకాస్త పెంచింది. గదంతా ఘొల్లుమంది.

ట్రామ్ స్టాపు దాకా ఐరిస్‌ను ఆవిడే ఎత్తుకుంది. నా ల్యాబు బుర్ర ఊరుకోలేదు.

"నాకయితే అర్థం కావడం లేదు గ్లెండా. చెల్లెలు అబద్ధం చెప్పిందేమోనని ఇన్నేళ్ళూ అనుమానపడ్డారు. మీరేమో ఐరిస్ నడిస్తే నాకు చెప్పనంటారు. అప్పుడు నేనూ టేపు దొరికేదాకా అనుమానిస్తూ బతకాలా?"

ఆవిడ ఐరిస్ టోపీ సర్దింది.

"చెప్పమంటే చెప్తాలే" అంది చివరికి. "చెప్తే కుళ్ళుకుంటావు. చెప్పకపోతే అనుమానిస్తావు. ఏదో ఒక మంట తప్పదు తల్లీ. నీకేది కావాలో ఆలోచించుకుని చెప్పు."

నేను వారం రోజులు ఆలోచించి, చెప్పొద్దన్నాను.

మే నెలలో ఒక సాయంత్రం నేను గ్లెండా వాళ్ళ వంటింటి తలుపు తీసేసరికి ఐరిస్ కుర్చీ కాలు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చేయి వదిలింది. ఒక అడుగు, ఇంకొకటి. మూడోదానికి నా మోకాళ్ళ మీద పడింది. ఆ కాళ్ళలో తడబాటు తక్కువగానే ఉంది. ఇది మొదటిసారి కాదేమో అని లోపల ఏదో అప్పుడే లెక్క మొదలుపెట్టింది. గ్లెండా మొహం చూస్తే తేలిపోయేది. ఆవిడ సింకు దగ్గర నాకు ఎదురుగానే ఉంది. నేను తలెత్తలేదు. పబ్బు నుంచి వచ్చిన రోజు ట్రామ్ ఎక్కేముందు పిల్లను నా చేతికిస్తూ ఆవిడ అన్న మాట ప్రకారం ఐరిస్‌నే చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ ప్రతిదానికీ అదే చేస్తున్నాను.

"నీ ముందు జరుగుతున్నప్పుడు నోరు మూసుకుని చూడు. నీకంటే ముందు ఎవరు చూశారో తర్వాత ఆరా తీసుకోవచ్చు. పాట అయ్యేదాకా విను తల్లీ. కుళ్ళుకోవడానికి తర్వాత బోలెడు టైముంది."