ముత్తంగి మోరీ దగ్గర ఎర్ర జెండా

ముందుగా, ఇన్నేళ్లు నన్ను రోడ్డు మీదే నిలబెట్టి, ఏ లారీ కిందా పడనివ్వకుండా కాపాడిన దేవునికి స్తోత్రం. మోకాళ్లు అరిగి, గడువుకు ముందే ఉద్యోగం మాని, వరండాలో కుర్చీ వేసుకుని ఇది రాసుకునే ఈ పూట వరకు నడిపించినవాడు ఆయనే. మహిమంతా ఆయనది. పొరపాట్లు మాత్రం నావి. అందులో ఒకటి మీకు చెబుతాను.

ఆ రోజుల్లో మా రోడ్ల డిపార్ట్‌మెంటు ఏం పని చేస్తుందో జనానికి పెద్దగా తెలిసేది కాదు. గుంత పడితే తిట్టడం తెలుసు, గుంత పూడ్చేవాడి మొహం ఎవరూ చూసి ఎరుగరు. వానలకు ముందు మోరీల్లో చెత్త తీసేది మేము. కిలోమీటరు రాళ్లకు సున్నం కొట్టేది, చెట్లకు ఎరుపూ తెలుపూ పట్టీలు వేసేది మేము. రోడ్డు మీద చచ్చిన బర్రెను పక్కకు ఈడ్చేది కూడా మేమే. (బర్రె తాలూకు మనిషి మేము ఈడ్చేసిన తర్వాతే ఏడుస్తూ వచ్చేవాడు.) ఇవాళ వేసిన కంకర రేపటికి లేచిపోతుంది, ఎల్లుండి మళ్లీ వేయాలి. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. నా ఒంట్లో ఉండవలసిన బలం సగం మా ఊరి మీదుగా బొంబాయి పోయే ఆ రోడ్డు కింద ఎక్కడో పూడిపోయి ఉంటుందని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తొంభైల మొదట్లో, మీసాలు సరిగా మొలవని వయసులో, నేను దినకూలీ లెక్కన మస్టరు, అంటే హాజరు పట్టీ మీద చేరాను. పటాన్‌చెరు దాటి ముత్తంగి వైపు పోతుంటే రోడ్డు కింద వాననీళ్లు పోయే ఒక పాత మోరీ ఉండేది. దాన్ని వెడల్పు చేయడానికి రోడ్డును సగం తవ్వేశారు. మిగిలిన సగంలో ఒక్క వరుసే పోవాలి. అర కిలోమీటరు పొడుగు, నడుమ ఒక మలుపు, పక్కన తాటి ఎత్తు కంకర కుప్పలు, ఈ కొసన ఉన్నవాడికి ఆ కొస కనిపించదు. ఫోన్లు లేవు, వైర్‌లెస్‌లు లేవు. అందుకని మా మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. ఒకే ఒక్క ఎర్ర జెండా. అది ఎవరి చేతిలో ఉంటే ఆ కొస బండ్లు పోవాలి. పోయే వరుసలో చివరి బండి డ్రైవరు చేతికి ఆ జెండా ఇవ్వాలి. అవతలి కొసన ఉన్నవాడు దాన్ని తీసుకుని, దారి ఖాళీ అయిందని తెలుసుకుని తన బండ్లను వదలాలి. (ఎర్ర జెండా అంటే ఆగమని లోకమంతా అనుకుంటుంది. మా మోరీ దగ్గర అది ఉంటేనే కదలాలి.) పటాన్‌చెరు కొసన నేను, ముత్తంగి కొసన మాలో అందరికంటే పెద్దవాడైన ఒక మజ్దూరు. రూలు తప్పి అడుగు వేయడు గనుక అందరం ఆయన్ని రూలు తాత అనేవాళ్లం.

నాకంటే ముందు నా కొసన ఉన్న పిల్లవాడు ఒకరోజు జెండా రాకుండానే, ఇక వచ్చేస్తుందిలే అని బండ్లు వదిలాడు. నడుమ మలుపులో రెండు లారీలు ముక్కు ముక్కు పెట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డాయి. ఆ పిల్లవాడి పేరు మస్టరులోంచి పోయింది, నాది ఎక్కింది. చేరిన పొద్దున మేస్త్రి నా చేతిలో ఒక వెదురు కర్ర పెట్టి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. "జెండా నీ చేతిలకొస్తెనే బండి ఇడువాలె. రాకుంటె నీ తాతొచ్చినా ఇడువొద్దు. జాగల కెళ్లి కదిలినవా, నీ పేరు గూడ కొట్టేస్త." సండే స్కూల్లో నమ్మకమైన దాసుని గురించి కంఠతా పట్టి బహుమతి కొట్టినవాణ్ని నేను. ఇక చూడండి. ఆ కర్ర అడ్డం పెట్టి నిలబడితే ఎర్ర సముద్రం ఎదుట మోషేలాగే ఉన్నానని నాకు నేనే అనుకునేవాణ్ని.

ఆ నెలలోనే మా అక్క పెండ్లి కుదిరింది. నాయన పోయాక అక్క మిషను కుట్టి నన్ను పదో తరగతి దాకా చదివించింది. పెండ్లికొడుకు సదాశివపేటలో టీచరు, నెమ్మదస్తుడు. పెండ్లి మంగళవారం పొద్దున పదిన్నరకు మా పటాన్‌చెరు గుడిలో, అంటే చర్చిలో. మాకు ముహూర్తాల పట్టింపు లేదు గానీ అంతకంటే గట్టి పట్టింపు ఇంకొకటి ఉంది. మరునాడు బుధవారం నుంచి శ్రమకాలం. ఆ నలభై దినాలు మా సంఘంలో పెండ్లిళ్లు చేయరు. అందుకని అందరూ ఆ మంగళవారం మీదే పడ్డారు. మా పాస్టరు అయ్యగారికి ఆ రోజు మూడు పెండ్లిళ్లు. "పదిన్నరకు గంట కొడ్త. పదకొండుంపావుకు మోపెడ్ ఎక్కుత. ఇస్నాపూర్‌ల పన్నెండింటికి ఇంకోటుంది, పొద్దుగూకేటాళ్లకు సంగారెడ్డిల మరోటి. నాకోసం మీరు ఆగాలె గని, మీకోసం నేనాగ" అని ముందే చెప్పేశాడు. అక్క చెప్పింది ఇంకొకటి. "తమ్మీ, నాయన లేడు. గుళ్లెకు నువ్వే నా చెయ్యి పట్టి తీస్కపోవాలె. నువ్వు రాకుంటె నేను లోపల అడుగు పెట్ట."

మేస్త్రికి చేతులు జోడిస్తే సగం పూట సెలవు ఇచ్చాడు. తొమ్మిదింటి దాకా నిలబడితే ముత్తంగి వైపు నుంచి ఇంకో మనిషిని తనే తీసుకొస్తానన్నాడు. ఇస్త్రీ బట్టలు సంచిలో పెట్టుకుని ఆరింటికే వచ్చాను. అంతా బాగానే జరిగింది. ఎనిమిదిన్నరకు నా వంతు బండ్లు వదిలాను. చివరన ఒక పంజాబు లారీ. ముందు అద్దానికి నిమ్మకాయలు, కుచ్చులు, జరీ రిబ్బన్లు, నుదుట బాసికం కట్టిన పెండ్లికొడుకులా ఉంది. డ్రైవరు చేతికి జెండా ఇచ్చి, అటు కొసన ఇమ్మని "ఉధర్ దేనా భాయ్" అన్నాను. ఆయన తనకే ఇచ్చాననుకున్నాడేమో, ఎంతో సంతోషించి, కళ్లకద్దుకుని, "బహుత్ మెహర్బానీ" అన్నాడు. తర్వాత ఏం చేశాడంటే, దాన్ని అద్దం ఊచకు కట్టుకుని నేరుగా బొంబాయికి పోయాడు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

తొమ్మిదయింది. జెండా రాలేదు. తొమ్మిదిన్నరయింది. రాలేదు, మేస్త్రీ రాలేదు. నా వెనక లారీలు, ట్రాక్టర్లు, కంపెనీ బస్సులు వరుస కట్టాయి. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. "అరె భాయ్, జాకే దేఖో నా!" అని, పోయి చూసి రమ్మని ఒకడు. "కట్టె పట్టుకొని కట్టె లెక్క నిలబడ్డడు సూడు" అని ఇంకొకడు. నేను కదల్లేదు. జాగా విడిచి పోతే పేరు పోతుంది. వదిలితే రెండు లారీలు గుద్దుకుంటాయి. నమ్మకమైన దాసుడు ఏం చేస్తాడు? నిలబడతాడు.

వరుసలో మొదటిది ఒక ఫ్యాక్టరీ బస్సు. కిటికీ పక్కన ఆ ఫ్యాక్టరీ యూనియన్ లీడరు కూర్చున్నాడు. మా బస్తీలోనే ఉండేవాడు, అందరూ యూనియన్ అన్న అని పిలిచేవారు. దేవుడు లేడని నలుగురిలో గట్టిగా అనే మనిషి. ఆయనతో మాట్లాడవద్దని అయ్యగారు యువజన కూటంలో మాకు చెప్పి ఉన్నాడు కాబట్టి, ఆయన ఎదురైతే నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాణ్ని. ఆ రోజు దాటడానికి వీలు లేదు. గేటు మీటింగుకు పోతున్నాడో ఏమో, ఒళ్లో పేపరు చుట్టిన పెద్ద కట్ట పెట్టుకున్నాడు. "ఏం తమ్మీ, బందా? మాకు చెప్పకుంట బంద్ పెట్టిన్రేంది?" అని నవ్వాడు. నేను మొహం తిప్పుకున్నాను.

పదిన్నరకు మా గుడి గంట వినిపించింది. అంతదూరం వినిపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. గంట ఆగింది. ఇంకో ముప్పావుగంటకు వరుస పక్కనుంచి మోపెడ్ మీద తెల్ల అంగీ ఎగురుతూ అయ్యగారు వచ్చాడు. అలవాటుగా కర్ర అడ్డం పెట్టాను.

"తియ్యరా కర్ర!"

"అయ్యగారూ, మన్నించుండ్రి. జెండా రాలేదు."

"ఏం జెండరా? నీకు బాప్తిస్మం ఇచ్చినోణ్ని నేను!"

"ఇచ్చిన్రయ్యగారూ. అయినా జెండా రాలేదు."

వెనక డ్రైవర్లంతా గొల్లుమన్నారు. అయ్యగారి మొహం కందగడ్డలా అయింది. అయినా గొంతు తగ్గించి, "పెండ్లికొడుకు బస్సు రాలేదురా. మీ అక్క గుడి మెట్ల మీద కూసున్నది. తమ్ముడేడి, తమ్ముడేడి అంటున్నది. నేనేం జెయ్యాలె? ఇగ పెండ్లి నలభై దినాలు గడిచి పస్కా పండుగ అయినంకనే" అన్నాడు. అప్పుడైనా నా బుర్రకు, ఆ బస్సు నా మోరీ అవతలే ఆగి ఉంటుందని తట్టలేదు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఒక్క ఎర్ర జెండా పంపు" అని ప్రార్థించాను. (మూడడుగుల దూరంలో, ఆ పేపరు కట్టలో ఏముందో కళ్లు తెరిచి ఉంటే కనిపించేదేమో.)

కళ్లు తెరిచేసరికి మలుపులోంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. నల్ల సూటు, మెడలో కాగితం పూల దండ, పాడవకుండా విప్పి పట్టుకున్నట్టు చేతికొక బూటు, కాళ్లకు మేజోళ్లు. ఆ మేజోళ్లకు పొద్దున పోసిన తారు అంటుకుని, అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడవుతోంది. మా బావ!

"బామ్మర్దీ, నువ్వేనా ఈడ నిలబడ్డది?" అన్నాడు, కోపం రాని మనిషి కనుక మామూలుగానే. "తొమ్మిదింటి సంది మోరీ అవతలనే ఉన్నం. ఆ తాత బస్సు ఇడుస్త లేడు. జెండా రావాలెనట."

"ఆడ గూడ రాలేదా? లారీల పంపిన కద బావా!"

"లారీకి కట్టుకొని పోయిండు. తాత గూడ సూసిండు. గని చేతికి రాలేదట."

జెండా బొంబాయి దారి పట్టింది. ఇక్కడ నేను దాని కోసం, అక్కడ రూలు తాత దాని కోసం, ఇద్దరమూ ప్రాణం పోయినా కదలకుండా నిలబడ్డాం. మా మేస్త్రి, నాకు బదులు రావలసిన మనిషి ఆ వరుస వెనక ఎక్కడో ఇరుక్కుపోయి, మా అక్క అత్తమామలు బస్సులో, అందరూ అవతలే. అయ్యగారు ఆ మాట విని మోపెడ్ స్టాండు వేశాడు. తలపాగా లేదు గానీ ఉంటే తీసి నేలకేసి కొట్టేవాడు.

అప్పుడు బస్సులోంచి యూనియన్ అన్న దిగాడు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "ఒక్క ఎర్ర గుడ్డ కోసమానె గింత పంచాయితీ?" అని కట్ట విప్పాడు. పది పన్నెండు ఎర్ర జెండాలు, కొడవలి సుత్తితో సహా. ఒకటి తీసి, సైకిలు మీద ఉన్న ఒక కార్మికుడి చేతిలో పెట్టి, "ఉరుకు. ఆ తాత చేతికియ్యి, చేతికే! పెండ్లి బస్సును ముందు ఇడువమను" అన్నాడు. ఇంకొకటి తీసి నా వైపు తిరిగాడు. "తమ్మీ, ఆ కట్టె ఇటియ్యి. నువ్వు పో. మీ అక్క మెట్ల మీద ఉన్నదంటున్నరు."

"నేను జాగ ఇడిస్తె పేరు కొట్టేస్తడన్నా."

"నీ జాగల నేనుంట. ఎర్ర జెండా పట్టుకొనుడు నాకు కొత్తనా?"

నేను అయ్యగారి వైపు చూశాను. అయ్యగారు ఆకాశం వైపు చూశాడు. తర్వాత, "పోరా, ఏం సూస్తున్నవ్? ఇస్నాపూర్ పెండ్లికి నేనెట్లనూ పోలేకపోతి గద" అన్నాడు. నేను కర్ర ఇచ్చేశాను. రూలు తాత ఆ జెండాను అటూ ఇటూ తిప్పి చూసి, "రూల్ల రంగే చెప్పిన్రు, బొమ్మ సంగతి చెప్పలేదు" అని బస్సును వదిలాడని తర్వాత తెలిసింది. మలుపులోంచి ఆ బస్సు వస్తుంటే అంతసేపూ నన్ను తిట్టిన డ్రైవర్లే చప్పట్లు కొట్టారు. అందులోనే బావనూ నన్నూ ఎక్కించుకున్నారు, అయ్యగారు మోపెడ్ మీద ముందు పోయాడు. ఇస్త్రీ బట్టల సంచి బస్సులో పెట్టుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. లేదు. దుమ్ముకొట్టుకున్న ఖాకీ చొక్కాతోనే అక్క చేయి పట్టుకున్నాను. అక్క నా చేయి రక్తం ఆగిపోయేంత గట్టిగా పట్టుకుంది. బావ నడిచినంత మేరా గుడి గచ్చు మీద నల్లటి అడుగులు పడ్డాయి.

అక్కడ మోరీ దగ్గర, ఊరికే నిలబడడం చేతకాని యూనియన్ అన్న, గేటు దగ్గర చేయవలసిన మీటింగు లారీ డ్రైవర్లతోనే మొదలుపెట్టాడట. బస్సు వెనకే వచ్చిన మా మేస్త్రి, నా జాగాలో లీడరునూ జెండానూ జనాన్నీ చూసి, మస్టరు కూలీలు సమ్మె కట్టారనుకుని, "అన్నా, డిమాండ్లు ఏమున్నా కూసొని మాట్లాడుకుందం" అని చేతులు జోడించాడట. ఆ భయంతోనో ఏమో, నా పేరు కొట్టలేదు. పర్మనెంటు కావడానికి మాత్రం ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ మోరీ ఇప్పుడు కనిపించదు. దాని మీద ఎన్ని రోడ్లు వేశారో, ఎన్నిసార్లు తవ్వారో, తవ్విన వాళ్లలో ఒకణ్నయిన నాకే గుర్తు లేదు. పోయిన నెల పోతిరెడ్డిపల్లిలో కొడుకు ఇంట్లో ఉంటున్న యూనియన్ అన్నను చూసి వచ్చాను. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఆయనకు కాళ్ల నొప్పులు, మంచం దిగలేడు, రాత్రిళ్లు నిద్ర రాదు. నన్ను చూడగానే, "జెండా వచ్చిందా తమ్మీ?" అన్నాడు. చాలాసేపు నవ్వుకున్నాం. లేచేముందు, ప్రార్థన చేయనా అన్నా అని భయపడుతూ అడిగాను. ఒకప్పుడు ఆయన ఎదురైతే రోడ్డు దాటి తప్పించుకుపోయిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. "చేసుకో. నేనేం అడ్డం పెడ్త లేను గద" అన్నాడు. చేశాను. నేను ఆమెన్ అనేదాకా ఆయన నా చేయి వదల్లేదు. ఆయన నమ్మినా నమ్మకపోయినా ఆ కాళ్ల నొప్పి నిజం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం నిజం. చదివినవారు ఒక్క నిమిషం నాతోపాటు తలలు వంచి, ఆయన కోసం ప్రభువును అడగండి. ఆయన అసలు పేరు నేను రాయలేదు. యూనియన్ అన్న అనండి చాలు, వినేవానికి తెలుసు.