గోంగూర మడిలో తవ్వకాలు

సార్నియా పట్టణ చరిత్ర రాయబోయేవారు ఒక తేదీని విస్మరించడానికి వీల్లేదు. 2019 మే నాలుగో తారీఖు ఉదయం ఆరుంపావుకి, పెట్రోకెమికల్ ప్లాంటులో ఇరవై తొమ్మిదేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చేసి రిటైరైన జనార్ధనరావు గారు, హ్యూరన్ సరస్సు ఒడ్డున మొట్టమొదటిసారి మెటల్ డిటెక్టర్ ఆడించారు. అది కుయ్‌మంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చేతిపారతో ఆరంగుళాలు తవ్వి, ఒక సోడా సీసా మూతను వెలికితీశారు. ఇంటికొచ్చి నల్ల అట్ట రిజిస్టరులో ఇలా రాసుకున్నారు: "నం. 1. మూత. లోతు: ఆరంగుళాలు. స్థితి: తుప్పు."

అప్పట్నుంచి మంచు లేని ఏ ఉదయమూ ఆ తవ్వకాలు ఆగలేదు. 2023 సెప్టెంబరు నాటికి రిజిస్టరు పదకొండు వందల ఎనభై రెండో నంబరుకు చేరింది. మూతలు, కూల్‌డ్రింకు డబ్బాల రింగులు, గుడారాల మేకులు, ఒక కళ్లజోడులో కుడివైపు. ప్రతి వస్తువునూ సబ్బుతో కడిగి, నంబరు చీటీ కట్టి, బేస్‌మెంట్‌లో ఊరగాయ జాడీల పక్కన అట్టపెట్టెల్లో భద్రపరిచారు. ఆయన భార్య సరోజన గారు వాటిని "మీ మ్యూజియం" అనేవారు. అదీ చెత్తబండి వచ్చే రోజున మాత్రమే.

అసలు లోటు బంగారం దొరక్కపోవడం కాదు. పోయిన వస్తువులు వెతికిపెడతానని లైబ్రరీ నోటీసుబోర్డులో కార్డు అంటించి నాలుగేళ్లయింది. ఒక్కరూ ఏదీ పోగొట్టుకోలేదు.

ఆ ఏళ్లలోనే ఊరి కాలేజీకి మనవాళ్లు వందల్లో వచ్చి పడ్డారు. పక్క వీధి బేస్‌మెంట్‌లో ఐదుగురు చేరారు. ఐదుగురికీ కలిపి ఒక పాత కారు. దాన్ని అమ్మినతను ఒక తాళం ఇచ్చి, రెండోదాన్ని జేబులో మర్చిపోయి కాల్గరీ వెళ్లిపోయాడు. బస్సుల్ని నమ్ముకుంటే డ్యూటీ అయిపోయే వేళకు డ్యూటీకి చేరే ఊరు ఇది. కాబట్టి ఆ ఒక్క తాళమే ఐదుగురి బతుకుతెరువు.

ఆ ఐదుగురిలో దేవిశ్రీది సిద్దిపేట. కోర్సు అయిపోయి, వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. లైసెన్సు చూపిస్తేనే చేర్చుకుంటారు. రోడ్ టెస్టు బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు. అది తప్పితే మళ్లీ డేటు జనవరిలో, అదీ రెండు గంటల దూరంలో ఇంకో ఊళ్లో. వేసవంతా జనార్ధనరావు గారు ఆమెకు డ్రైవింగూ, రెండు కార్ల సందులో కారు ఇరికించే పారలల్ పార్కింగూ నేర్పారు. నేర్పేముందు కోణాలతో సహా బొమ్మ గీసి సంతకం చేయించుకున్నారు.

ఆ బుధవారమే వినాయకుడి నిమజ్జనం కూడా. చవితికి ఈ పిల్లలంతా జనార్ధనరావు గారింట్లోనే మట్టి వినాయకుణ్ని చేసి పెట్టారు. మూడో రోజు పొద్దున్న పదింటికి ఉద్వాసన పూజ. దేవుడి ముందు తలా ఒక పుస్తకం పెట్టారు. దేవిశ్రీకి పరీక్ష పుస్తకంలో లేదు, కారులో ఉంది. అందుకని కారు తాళం తెచ్చి సరాసరి దేవుడి ఒళ్లోనే పెట్టి దండం పెట్టుకుంది.

హారతి అయ్యాక, ఐదుగురిలో చిన్నవాడైన చింటు దేవుణ్ని పూలతో, పత్రితో సహా ఎత్తి పెరట్లో నీలం ప్లాస్టిక్ తొట్టిలో దింపాడు. చన్నీళ్లలో మట్టి కరగడానికి ఒక రాత్రి పడుతుంది. జనార్ధనరావు గారు గోరువెచ్చని నీళ్లు పోసి, కర్రతో తిప్పి, ఇరవై రెండు నిమిషాల్లో ముగించారు. తర్వాత ఇద్దరూ తొట్టి మోసుకుంటూ, ముప్ఫై అడుగుల గోంగూర మడి పొడుగునా ఆ బురదను సమంగా వంచుకుంటూ వెళ్లారు.

పులిహోర తిని మిగతా ముగ్గురూ కాలేజీకి వెళ్లాక, పన్నెండుంపావుకి ఆయన లేచారు. "పద తల్లీ, వెళ్లేముందు ఒక రౌండు వేద్దాం. కీ ఏది?"

"ఈడనే పెట్టిన అంకుల్."

"ఈడంటే?"

"దేవుని ఒళ్లె."

అందరూ పీట వైపు చూశారు. పీట మీద దేవుడు లేడు.

"అరే చింటూ! ఎత్తేటప్పుడు చూసుకోవద్దా?"

"కళ్లు మూసుకుని ఎత్తానక్కా. భక్తితో ఎత్తమని నువ్వే కదా చెప్పావ్!"

"కళ్లు మూసుకోమని చెప్పిన్నారా?"

దేవిశ్రీకి ఏడుపు ఒక్కటే తక్కువ. తాళాలు చేసేవాడికి చింటు ఫోన్ చేస్తే రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆ సమయంలో జనార్ధనరావు గారి ముఖంలో కనిపించినదాన్ని ఆందోళన అని చెప్పడమే మర్యాద. ఆయన బేస్‌మెంట్‌లోకి దిగి, మూడు నిమిషాల్లో టోపీ, మోకాలి తొడుగులు, హెడ్‌ఫోన్లు, డిటెక్టర్‌తో పైకొచ్చారు.

మడి మొదట్నుంచి పద్ధతిగా వెతకడం మొదలుపెట్టారు. పదడుగులు వెళ్లినా యంత్రం నోరు విప్పలేదు.

"శుభ్రమైన నేల," అన్నారు మెచ్చుకోలుగా.

దేవిశ్రీ కాసేపు చూసింది. "అంకుల్, ఇనుముంటే మోగొద్దని సెట్ చేసిన్నని మొన్న చెప్పిన్రు కదా?"

"అవును. మేకులతో విసుగొచ్చి."

"కీ ఇనుముదే కదా అంకుల్?"

జనార్ధనరావు గారు ఒక బటన్ నొక్కి, మళ్లీ మడి మొదటికి వచ్చారు. అంతే, అడుగడుగునా కుయ్యో మొర్రో అని మోత. పాత కంచె మేకులన్నీ ఆ మడిలోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తవ్వడం, తుడవడం, వరసలో పెట్టడం.

"అంకుల్, అవి పారెయ్యరాదుండ్రి! ఒకటీ ఇరవై అయింది!"

"నంబర్లు తర్వాత వేస్తానులే తల్లీ. వరస మాత్రం చెడగొట్టకూడదు."

వంటింటి కిటికీ తెరుచుకుంది. "ఏమండీ, నేననేదేమిటంటే..." అని సరోజన గారు మొదలుపెట్టారు. ఆయన నిశ్శబ్దం కోరుతూ చెయ్యెత్తారు. ఐదు నిమిషాలాగి ఆవిడ మళ్లీ పిలిచారు. మళ్లీ చెయ్యెత్తారు. హెడ్‌ఫోన్లలో ఉన్న మనిషితో కిటికీలోంచి కాపురం చేయడం ఆవిడ వల్ల కాలేదు. చెప్పులేసుకుని పెరట్లోకి వచ్చి, ఆయన కుడి చెవి మీది తొడుగు ఎత్తారు.

ఆవిడ నోరు తెరిచేలోపు ఆయనే, "విసిగించకు సరోజనా, ఇంకా ఇరవై అడుగులుంది," అన్నారు.

ఆవిడ మడి ఈ చివర్నుంచి ఆ చివరికి చూశారు. చెప్పబోయిన మాట పక్కన పెట్టేసి, వేరే మాట అడిగారు. "పప్పుచారు గిన్నె వంచితే ముక్కలెప్పుడు పడతాయండీ? ముందా, ఆఖర్నా?"

"ఆఖర్న. బరువు కదా, అడుగున ఉంటాయి."

"తొట్టి ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ముగించారు?"

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసున్న ఇంజనీరు గారు గోంగూర వైపు చూశారు. తర్వాత డిటెక్టర్ ఎత్తుకుని మడి ఆ చివరికి నడిచారు.

కంపోస్టు డబ్బా పక్కన యంత్రం గట్టిగా అరిచింది. దేవిశ్రీ పార కోసం ఆగలేదు, చేత్తోనే తవ్వింది. నల్లబడిన చిన్న చెంచా ఒకటి బయటపడింది.

"ఇది కాదు," అంటూ పక్కన పడేయబోయింది.

"ఆగు ఆగు!" సరోజన గారు దాన్ని లాక్కుని కొంగుతో తుడిచారు. అది వెండి ఉద్ధరిణి. తొమ్మిదేళ్ల కిందటి చవితినాడు కనబడకుండా పోయింది. ఆ పూజకు వచ్చిన ఒకే ఒక్క అతిథి, అదే ఊళ్లో ఉండే కోదండరామ్ గారి భార్య శాంత. ఆనాటి నుంచీ శాంత ఎదురుపడితే సరోజన గారు "బాగున్నారా" దగ్గర మాట ఆపేసేవారు. "అయ్యో, ఇదీ దేవుడితోనే వెళ్లిందా! పాపం శాంత!"

"ఆంటీ, జర పక్కకు..." అంది దేవిశ్రీ. జానెడు దూరంలో యంత్రం మళ్లీ కుయ్‌మంటోంది. మూడంగుళాల లోతున, మట్టి ముద్దలోంచి కారు తాళం వచ్చింది. దాని రింగుకు ఒక గరికపోచ చుట్టుకుని ఉంది.

టైము రెండుకు రెండు నిమిషాలు తక్కువ. తాళం కడిగారు, చింటు ఊదాడు, కారు స్టార్టయింది. జనార్ధనరావు గారు మోకాలి తొడుగులతోనే పక్క సీట్లో కూర్చున్నారు.

మూడూ నలభైకి తిరిగొచ్చారు. దేవిశ్రీ కారు దిగకుండానే అరిచింది. "ఆంటీ, పాస్! పారలల్ పార్కింగ్ ఒక్కసారికే పట్టింది!" ఇందాక ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. చింటు మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి, తాళం తనే పోగొట్టిన సంగతి తప్ప అన్నీ చెప్పాడు.

సాయంత్రం సరోజన గారు శాంతతో గంటన్నర ఫోన్‌లో మాట్లాడారు. జనార్ధనరావు గారు మేకుల వంతు తర్వాతకు వాయిదా వేసి, రిజిస్టరు తెరిచి, ఎన్నడూ లేనిది ఎర్రసిరా కలం తీసుకుని రాశారు: "నం. 1183. కారు తాళం. లోతు: మూడంగుళాలు. స్థితి: పనిచేస్తోంది." ఆఖరి మాట కింద స్కేలు పెట్టి గీత గీశారు. నాలుగేళ్లలో ఆ గడిలో ఆ మాట పడటం అదే మొదలు.

"అవునూ," అన్నారు కాఫీ అందుకుంటూ, "మధ్యాహ్నం కిటికీలోంచి ఏదో చెప్పబోయావు."

"ఏం లేదులెండి," అన్నారు సరోజన గారు.

జనార్ధనరావు గారి సొంత కారు ఆ రోజంతా గరాజ్‌లోనే ఉంది. దాని తాళాలు రెండూ ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతున్నాయి. వేసవంతా దేవిశ్రీ డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారులోనే.