నారు బతికే ఉందన్నాను

బందరు కాలేజీలో నా ఉద్యోగానికి డెమాన్‌స్ట్రేటరు అని పెద్ద పేరుండేది గానీ, చేసేదల్లా గాజు పలకలు తుడవడం, గుంటల్లో దిగి నాచు ఏరుకురావడం, పిల్లలు మైక్రోస్కోపును తిప్పి తిప్పి పాడుచెయ్యకుండా కాపలా కాయడం. అయినా ఆ రోజుల్లో నన్ను పట్టడం ఎవరి తరమూ కాదు. దివిసీమలోని మా క్రైస్తవ పేట నుంచి బయల్దేరి, గుడివాడ హాస్టల్లో చాలీచాలని తిండి తిని చదువుకుని, కాలేజీలో కోటు తొడుక్కుని నిలబడ్డ మొదటివాణ్ణి నేనే. కళ్ళు నెత్తికెక్కాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కోటువాణ్ణి పట్టుకుని రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

పొగరు సంగతి అలా ఉంచితే, ఆ పని మీద ప్రేమ మాత్రం నిజం. నాచు ఆకు ఒకటి నీటిచుక్కలో పరిచి మైక్రోస్కోపు కింద పెడితే, ఇటుకల వరసల్లా గదులు గదులుగా కనిపించేది. ఒక్కో గదీ ఒక్కో కణం. గోడల వెంబడి పచ్చటి రేణువులు. కాసేపు కళ్ళార్పకుండా చూస్తే ఆ రేణువులు కదిలేవి, ఒకదాని వెనక ఒకటి, గది చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు. ఎండను పట్టుకుని మొక్కకు తిండి వండిపెట్టేవి ఇవే. "ఒరే, ఇది ఆకు వంటిల్లురా" అనేవాణ్ణి పిల్లలతో. వాళ్ళు నవ్వేవాళ్ళు. మొదటిసారి ఆ కదలిక చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది, అది మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

ఆ తరవాతి పాఠం ఉప్పు. పలక అంచున ఒక ఉప్పునీటి చుక్క వేస్తే, కణం లోపలి సరుకంతా నీళ్ళు పోగొట్టుకుని గోడను వదిలి ముడుచుకునేది. ప్రదక్షిణం ఆగిపోయేది. రేణువులన్నీ ఒక దగ్గర గుంపు కట్టేవి. వెంటనే మంచినీళ్ళు పోసి కడిగితే, మళ్ళీ ఉబ్బి గోడను అంటుకునేది. "తిరిగి నిండితే బతికున్నట్టు, నిండకపోతే చచ్చినట్టు" అని పిల్లల చేత రాయించేవాణ్ణి. ఆ వాక్యం రాయించిన నోరు ఇదే.

యుద్ధం జరుగుతున్న రోజులు. మా అక్క మొగుడు, మా బావ, ఇరవై ఏళ్ళపాటు ఒక కామందు దగ్గర పాలేరుగా చేశాడు. తెల్లారకముందే గొడ్లసావిడి ఊడ్చి, పొద్దుగూకాక ఇంటికొచ్చేవాడు. పిల్లల మొహాలు వాళ్ళు నిద్రపోతున్నప్పుడే చూశానని నవ్వుతూ అనేవాడు. ఆ ఏడు ఒక ముసలి రైతు రెండెకరాలు కౌలుకిస్తానన్నాడు. ఒక్క పంట తీసి చూపిస్తే ఇంకా అయిదేళ్ళు చేసుకోమన్నాడు. పంట రాకపోతే పొలం ఇంకొకరికి. అంటే బావ మళ్ళీ పాలేరుతనానికే పోవాలి. అక్క ఆ పొలం గట్టు మీద మోకాళ్ళేసి ప్రార్థన చేసిందట, గట్టంతా బురదగా ఉన్నా.

నారుమడి పచ్చగా లేచి, ఇక ఊడ్పులకు వారం పదిరోజులుందనగా సముద్రం మీద గాలి లేచింది. పెద్ద ఉప్పెనేం కాదు. పోటు నీళ్ళు మురుగు కాలువలోకి ఎదురెక్కి, కట్టకు గండి పెట్టి, నారుమడిలో ఒక రాత్రి, ఒక పగలు నిలబడ్డాయి. బావ గండి పూడ్చి, కాలువ నీళ్ళు పెట్టి, మూడుసార్లు మడి కడిగాడు. పడిపోయిన నారు మళ్ళీ నిటారుగా లేచింది. కానీ బావకి అనుమానం తీరలేదు. నారు పీకి చూస్తే కొత్త తెల్ల వేరు కనపడటం లేదు.

ఇంట్లో తిండికని దాచిన ధాన్యం ఒక బస్తా ఉంది. మడి దున్నేసి ఆ గింజలు చల్లితే, ఆలస్యమైనా ఊడ్పులకు అందుతాయి. పంట చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదీ అంబలి తాగి పడి ఉండాలి. అవి చల్లకుండా, ఉన్న నారే నాటితే, అది బతికితే, తిండికి తిండీ పంటకు పంటా. ఆ రెంటి మధ్యా పడి నలిగి, బావ ఒక నారు కట్ట బురదతో సహా తడిగోనెలో చుట్టుకుని, రేవు దాటి, మోపిదేవిలో, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సెక్కి నా దగ్గరికొచ్చాడు.

"బావా, నీ దగ్గర అదేదో యంత్రం ఉందంట గదా. లోపలికంతా కనపడుద్దంట. ఇది బతికుందో చచ్చిందో కాస్త చూసి చెప్పు. దున్నేద్దామనే ఉంది నాకు. మీ అక్కేమో తమ్ముణ్ణి అడిగి రమ్మంది" అన్నాడు, కాలేజీ వరండాలో కాళ్ళకున్న బురద గోక్కుంటూ.

నా సంబరం చూడాలి! ఇన్నాళ్ళ చదువుకి ఇంటివాళ్ళ పని ఒకటి పడింది. లోపలికి తీసుకెళ్ళి స్టూలు వేశాను. ఆయన కూర్చోలేదు. ఆకు మొదట్లో కాడను చుట్టుకుని ఉండే తొడుగు నుంచి బ్లేడుతో పలచటి పొర ఒకటి లేపి, పలక మీద పెట్టి చూశాను. కణాల్లో సరుకు ముడుచుకుపోయి ఉంది. మంచినీళ్ళ చుక్కలు వేసి, చేతిగడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలకు ఒక గది నిండింది. పక్కది నిండింది. చూస్తుండగానే వరసంతా గోడల్ని అంటుకుంది.

"బతికే ఉంది బావా!" అని అరిచాను.

ఆయన్ని పిలిచి కన్ను పెట్టమన్నాను. అలవాటు లేని మనిషి, రెండో కన్ను అరచేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు. పొలం చూసే మనిషి చూపది, అంత తొందరగా కదలదు. తరవాత తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పచ్చవన్నీ ఓ మూలకి నక్కినయ్యేంటి బావా?"

నేను మళ్ళీ చూశాను. నిజమే. కణం నిండింది గానీ రేణువులు గోడల దగ్గరికి వెళ్ళలేదు. ఒక మూల గుంపుగా పడి ఉన్నాయి. చక్కగా బిళ్ళల్లా ఉండాల్సినవి ఉబ్బి గుండ్రంగా అయ్యాయి, రంగు కూడా పాలిపోయింది. ఒక్క కణంలో కాదు, నేను చూసిన ప్రతి దాంట్లోనూ. నాకు కనపడలేదని చెప్పుకోవడానికి లేదు. ఆ పలక తడి ఆరకుండా ఉంచి మర్నాడు చూడాలి, ఎల్లుండి చూడాలి, ఇంకో నాలుగు మొక్కలు చూడాలి. పాఠం చెప్పేవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ సాయంత్రం బస్సు వెళ్ళిపోతుంది. ఎదురుగా బావ నిలబడి ఉన్నాడు. బతికే ఉందని అప్పుడే అరిచేశాను. అరిచిన నోటితో, ఏమో, తెలియదు అనడం నాకు తల కొట్టేసినట్టు అనిపించింది.

"అవి అంతేలే బావా. సర్దుకుంటాయి. నువ్వెళ్ళి నాట్లు వేసుకో" అన్నాను.

బావ మొహం విచ్చుకుంది. ఆ మొహం కోసమే అన్నానేమో కూడా. ఆయన్ని బస్సెక్కించి వచ్చి, అలవాటు కొద్దీ నోటుబుక్కులో ఆ కణం బొమ్మ వేసుకున్నాను. మూల గుంపు, ఉబ్బిన రేణువులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వేశాను.

ఆదివారం ఊడ్పులకని దివిసీమకి వెళ్ళాను. పేటలో నన్ను చూసినవాళ్ళంతా దణ్ణాలు. అక్క అయితే ఒక్క చోట నిలవలేదు. ఆ దాచిన బస్తా విప్పి, గింజలు దంచి, కడుపునిండా అన్నం వండింది, చేపల పులుసు పెట్టింది. "తిను తమ్ముడూ, ఇయ్యాల కొలత లేదు. నువ్వు చూసి చెప్పబట్టిగాని లేకపోతే ఈయన ఈ గింజలన్నీ మట్టిలో కలిపేవాడు" అంది. పిల్లలు మారు అడిగి తిన్నారు. నేనూ మూడుసార్లు వడ్డించుకున్నాను. సిగ్గులేని కడుపు, ఏం తిన్నా అరిగేది ఆ వయసులో.

రెండు వారాలకు కబురొచ్చింది. వెళ్ళేసరికి బావ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాటిన అయిదారు రోజులు నారు నిలబడిందట. ఆ తరవాత కొసలు పసుపెక్కి, తెల్లబడి, ఇప్పుడు పొలమంతా ఎండుగడ్డి గుచ్చినట్టుంది. ఒక మొక్క పీకితే సునాయాసంగా ఊడొచ్చింది. వేరు గోధుమరంగు దారంలా ఉంది. మళ్ళీ నారు పోసే అదను దాటిపోయింది. బస్తాలో గింజలు అడుగంటాయి. అక్క గుడిసెలోంచి బయటికి రాలేదు. "సముద్రం పాడుగాను" అన్నాను. బావ ఊఁ కొట్టాడు.

మా పెద్ద మాస్టారు, తాత ముత్తాతల నుంచి పంతుళ్ళ కుటుంబం వారిది, సెలవు నుంచి తిరిగొచ్చి ఒకరోజు నా నోటుబుక్కు తిరగేస్తూ ఆ బొమ్మ దగ్గర ఆగారు.

"బొమ్మ బ్రహ్మాండంగా వేశావయ్యా. ఏ మొక్కది?"

"వరి నారు అండీ. ఉప్పు తగిలింది. మంచినీళ్ళలో నిండిందండీ."

"నిండితే? బయటి పొర ఇంకా చిల్లు పడలేదని అర్థం, అంతే. ఈ రేణువులు చూడు, ఎలా ఉబ్బిపోయాయో. ఇల్లు నిలబడే ఉందయ్యా, పొయ్యి ఆరిపోయింది. ఈ మొక్క పదిహేను రోజులకు మించి ఉండదు. చాలా శ్రద్ధగా చూశావు, శభాష్" అన్నారు.

శభాష్ అట. నా మొహానికి శభాష్! ఆ పూట నేను పాఠం చెప్పలేక, తలనొప్పి అని చెప్పి రూముకెళ్ళి తలుపేసుకున్నాను. ఆ తరవాత ఎన్నో ఏళ్ళకి, అంతకన్నా గొప్ప యంత్రాలతో తీసిన ఫొటోలు పుస్తకాల్లో చూశాను. పచ్చ రేణువు లోపల అప్పడాల దొంతరల్లా పొరలుంటాయి. ఉప్పు పట్టిన ఆకులో ఆ పొరలు ఉబ్బి, ఒకదాన్నొకటి వదిలేసి, చెదిరిపోయి ఉంటాయి. ఎండ పడుతూనే ఉంటుంది, లోపల పట్టుకునేవాళ్ళుండరు. మొక్క పైకి పచ్చగా ఉండి లోపల పస్తుంటుంది. ఆ ఫొటోల పేజీ పిల్లలకి చూపించి గబగబా తిప్పేసేవాణ్ణి.

పొలం ముసలి రైతు మాట ప్రకారమే ఇంకొకరికిచ్చాడు. ఆయన్నేం అనడానికి లేదు. ఉగాది నాటికి బావ కామందు గుమ్మంలో నిలబడి మళ్ళీ ఏడాదికి కుదిరాడు. ఈసారి పెద్ద మేనల్లుణ్ణి కూడా గొడ్ల వెంట పంపమన్నారు. చదువుతున్నవాడు, మానేశాడు.

నేను ఉండబట్టలేక ఆ వేసవిలో వెళ్ళాను. బావ గొడ్లసావిడిలో చిట్టు కలుపుతున్నాడు. మోచేతుల దాకా తౌడు. నేను కోటు వేసుకోలేదు, ఆ మాత్రం బుద్ధి అప్పటికి వచ్చింది. అంతా చెప్పేశాను. నువ్వు అడిగినప్పుడు నేనూ చూశాను బావా, అనుమానం వచ్చింది, అయినా దాచాను, సర్దుకుంటాయని అబద్ధం చెప్పాను, ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నువ్వు దున్నేసేవాడివి అన్నాను. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆయన చిట్టు కలపడం ఆపలేదు. గాబులో చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. ఎద్దు మూతి పెట్టబోతే మోచేత్తో పక్కకి తోశాడు. అప్పుడు అడిగాడు.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదు."

"చెప్పమాక. పొలం పోయింది. పిల్లోడి చదువు పోయింది. నా తమ్ముడున్నాడు, అంతా తెలిసినోడు అని అదొక్కటి అనుకుంటా లేస్తంది పొద్దున్నే. అది కూడా నువ్వే తీసేస్తావా?"

ఆ తరవాత నా వైపు చూడలేదు. ఎద్దుకు గాబు వదిలి పక్కకి తప్పుకున్నాడు.

బావ ఆ సావిడిలోనే ఇంకా పదకొండేళ్ళు చేసి పోయాడు. అక్క చాలాకాలం బతికింది. మనవలకు ఆ ఏడాది సంగతి చెప్పినప్పుడల్లా, "సముద్రం ముంచిందిరా మమ్మల్ని. మా తమ్ముడు యంత్రంలో చూసి మంచి నారే అన్నాడు. పొలంలోనే ఉప్పుంటే ఆయనేం చేస్తాడు పాపం" అనేది. నేను పక్కన మంచం మీద కూర్చుని వింటూ ఉండేవాణ్ణి. ఒక్కోసారి నా వైపు తిరిగి, "అంతేనా తమ్ముడూ?" అని అడిగేది.

అంతే అక్కా, అనేవాణ్ణి.