రెండో చరణం

రాజారత్నం ముక్కుకి కండువా అడ్డం పెట్టుకున్నాడు. బిర్యానీ వాసనకి కాదు, ఆ వాసన వస్తున్న చోటుకి. భట్టిప్రోలులో స్టెల్లా ఇంటి ముందు షామియానా వేశారు. చనిపోయిన ఆమె కూతురి ఫొటోకి నాలుగడుగుల దూరంలో, తెనాలి నుంచి పిలిపించిన వంటవాళ్ళు గుండిగ దింపుతున్నారు. వెనకాల ఫ్లెక్సీ. అందులో పోయిన పిల్ల మనీషా బొమ్మ అరచేతంత, నివాళులర్పించే అజయ్ బాబు బొమ్మ తలుపంత. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాడెవడైనా చావు ఫ్లెక్సీలో పళ్ళికిలిస్తాడా?

అజయ్ బాబు కూలీల మేస్త్రీ. నాట్లకి ఆడవాళ్ళని ఆటోల్లో కుక్కి ఊళ్ళకి పంపిస్తాడు. బ్రేకులు సరిగా లేవని డ్రైవరే మొత్తుకున్నా, అమృతలూరు పంపించాడు. ఆటో కాలవలో పడింది. మిగతావాళ్ళు కాళ్ళూ చేతులూ విరిగి బయటపడ్డారు, మనీషా రాలేదు. ఆ పిల్లకి ఇప్పుడు ఇతగాడే ఆదరణ కూటం పెట్టిస్తున్నాడు. చంపినవాడే చాప పరిచి ఏడవమంటున్నాడన్నమాట.

ఆదరణ కూటమంటే రాజారత్నం ఉండాల్సిందే. రేపల్లె నుంచి బాపట్ల దాకా ఏ క్రైస్తవుల ఇంట చావు జరిగినా, భూస్థాపన అయ్యాక ఆ ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పడానికి ఆయన హార్మోనియం వస్తుంది. వెంట బుడే సాహెబ్ ఢోలక్ వస్తుంది. రేపల్లెలో సైకిల్ షాపు సాహెబ్‌ది. నమాజు చూసుకుని, షాపు మూసి, రత్నం పిలిస్తే చాలు బయల్దేరతాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది కానీ తాళం నెరవలేదు.

రాజారత్నం కట్టిన పాటల్లో ఒకటి జనం నోట్లో పడిపోయింది. కుర్రతనంలో నాటు వేస్తూ కట్టుకున్నది. 'నిమ్మళించు నా ప్రాణమా, నీ కన్నీరు తండ్రి ఎరుగును' అని మొదటి చరణం. కాకుమానులో పురుగుమందు డబ్బా మూత తీసినవాడొకడు పక్కింట్లోంచి ఆ పాట వినపడి మూత పెట్టేశాడు. రెండో చరణం వేరు. 'వంగిన నడుమెత్తు నా ప్రాణమా, అన్యాయాన్ని పేరెట్టి అడుగు.' ఆ మాట రాగానే చేలో ఆడవాళ్ళు నారుకట్ట పట్టుకునే నిటారుగా నిలబడేవాళ్ళు. కూటాల్లోనూ ఆ చరణానికి లేచి నిలబడటం అలవాటైంది.

తెనాలిలో రికార్డింగ్ చేసినవాళ్ళు ఆ రెండోది కోసేశారు. గొడవ పాటలా ఉందట! ఇప్పుడు ఫోన్లలో, పెళ్ళిళ్ళలో, ఓట్లడిగే జీపుల్లో, ఎక్కడ చూసినా నిమ్మళించు, నిమ్మళించు. తన పాట తనకే వెగటు పుట్టేలా చేశారని రాజారత్నం కడుపు మంట.

అజయ్ బాబు తెల్లచొక్కా సర్దుకుంటూ వచ్చి చెవి దగ్గర వంగాడు. సెంటు గుప్పుమంది.

"బాబాయ్, ఆ శాంతి పాట గట్టిగా ఎత్తుకోండి. స్టెల్లక్క రేపు స్టేషన్‌కెళ్ళి కేసు పెడతానంటుంది. నాలుగు మంచి మాటలు చెవినబడితే మనసు మెత్తబడుద్ది. మీ పాట వింటే ఎవరైనా ఆగిపోతారండి."

రాజారత్నానికి ఎంగిలి చేత్తో తన హార్మోనియం తడిమినట్టనిపించింది. పెట్టె మూసి లేవబోయాడు.

బుడే సాహెబ్ మోకాలు నొక్కి ఆపాడు. "ఎక్కడికి? నువ్వు లేచిపోతే ఫోన్లో వేసేస్తాడు. అదెలాగూ సగం పాటే."

అది నిజమే. రాజారత్నం కూర్చున్నాడు. కానీ ఏం పాడాలి? పాడితే ఆ తల్లి నోరు తన పాటతోనే నొక్కినట్టవుతుంది.

కూటంలో మొదటి పాట పాడేవాడిష్టం కాదు. ఇంటివాళ్ళు కోరాలి. రాజారత్నం నాన్న రోజుల నుంచీ అంతే. అజయ్ బాబుకి ఈ సంగతి తెలీదు. చావు ఇళ్ళకి ఫొటో కోసం వచ్చి, దండేసి కారెక్కేవాడికి ఎలా తెలుస్తుంది? మైకు పుచ్చుకుని తనే చెప్పేశాడు, "ఇప్పుడు రాజారత్నం గారు శాంతి పాట పాడతారు" అని.

రాజారత్నం హార్మోనియం మీద చెయ్యేశాడు కానీ మెట్లు నొక్కలేదు. స్టెల్లా వైపు తిరిగాడు.

"ఏ పాట కావాలమ్మా?"

ముఖం మీద కొంగు తీసిందావిడ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయున్నాయి.

"అందరూ పాడే చరణం వద్దన్నయ్యా. రెండోది పాడు. నా పిల్ల నాటు వేస్తా అదే పాడేది."

ఢోలక్ మీద దెబ్బ పడింది. 'వంగిన నడుమెత్తు నా ప్రాణమా.' ముందు చేతికి కట్టు కట్టించుకున్న ఒకావిడ లేచింది. ఆ ఆటోలోంచి బయటపడ్డ మనిషే. తర్వాత ఇంకొకరు, మరొకరు. కుర్చీలు కిర్రుమన్నాయి. అజయ్ బాబు సైగ చేశాడు, మైకు చచ్చిపోయింది. చేలల్లో ఎవరికుందమ్మా మైకు? గొంతులు ఇంకా లేచాయి.

'పేరెట్టి అడుగు' అన్న దగ్గర స్టెల్లా పాట ఆపేసింది. అందరూ ఆగారు.

"బ్రేకుల్లేవని తెలిసీ నా పిల్లని ఎక్కమన్నావు, అజయ్ బాబూ. రేపు స్టేషన్‌లో ఇదే చెప్తాను."

"మేమూ వస్తాం," అంది కట్టు కట్టుకున్నావిడ.

అజయ్ బాబు ముఖం కందగడ్డైపోయింది. "మంచికి పోతే ఇదా?" అని గొణుక్కుంటూ కారెక్కాడు. బిర్యానీ కొందరు తిన్నారు. రాజారత్నం మాత్రం ముట్టుకోలేదు, నోరు కడుక్కుని ఉమ్మేశాడు. రాత్రి దాకా అసహ్యం పోలేదు.

పొద్దున్నే బస్టాండులో స్టెల్లా, ఆటోలోంచి బతికి బయటపడ్డ ఆడవాళ్ళూ అమృతలూరు స్టేషన్‌కెళ్ళే బస్సు కోసం నిలబడున్నారు. ఎవరిదో ఫోన్ మోగింది. నిమ్మళించు నా ప్రాణమా.

"కట్టేయమ్మా దాన్ని," అంది స్టెల్లా.