గవాచి కింద రౌటర్

ఆలూరు దగ్గర పల్లెలో మాది మట్టిమిద్దె. గోడలు ఎంత మందమంటే, సిమ్ వేసిన రౌటర్‌ని ఏ మూల పెట్టినా ఎర్ర లైటే వెలిగేది. చివరికి గవాచి కింద, అంటే వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత కింద, ఉట్టిలో పెట్టి వేలాడదీస్తే పచ్చ లైటు వచ్చింది.

ఆ రోజు పొద్దుటి నుంచి దానితోనే కుస్తీ. ఒక సెట్టింగు కుదిరితే ఇంకోటి చెడేది. కస్టమర్ కేర్ అమ్మాయి "రీస్టార్ట్ చేయండి సార్" అన్నప్పుడల్లా దాన్ని బావిలో పారేయాలనిపించింది. మధ్యాహ్నానికి ఎలాగో నెట్ వచ్చింది. ఆఫీసు మీటింగులో నా వంతు రాగానే నోరు తెరిచాను.

గవాచిలోంచి ల్యాప్‌టాప్ మీద చినుకు పడింది.

మిద్దె మీద బట్టలు తీస్తున్న అమ్మ కేక వేసింది. "వాన వస్తాండాది నాయనా! గవాచి మూయల్ల. బండ నాకు కదల్లేదు, బిన్నా రా!"

శెనక్కాయ విత్తి ఊరంతా మబ్బుల కోసం కాచుకున్న రోజులవి. వానను ఆగమని ఏ నోటితో అనను? నిచ్చెనెక్కాను. కింద మేనేజర్ గొంతు "వినపడుతోందా?" అని అడుగుతూనే ఉంది.

బండ నేనే జరిపాను. గొంతు ఆగిపోయింది.