కంతల అక్క కాగితం పరీక్ష

కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని తలుపులు చూడడం. విన్నవాళ్లు కాపలా ఉద్యోగం అనుకుంటారు. అదేం కాదు. తలుపు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి, లాగి చూస్తుంది. కాగితం బిగుసుకుంటే సరే. సుళువుగా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు పట్టీ పని అయిపోయినట్టే, కరెంటంతా దండగ. ఏ కంతా ఆమె కంటపడక మానదు గనుక అందరికీ ఆమె కంతల అక్క. ఆ పేరంటే కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా. మేనేజరు మాటకైనా ఎదురు చెబుతుంది గాని, కాగితం చెప్పిన మాటకు చెప్పదు.

ఆ వేసవిలో చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, కుట్టు మిషన్ అమ్మేస్తున్నా. ఆదివారం మధ్యాహ్నం ఒకామె చూసుకోడానికి వస్తోంది. సోమవారం నుంచి బట్టల ఫ్యాక్టరీలో చేరిపోతా."

అక్కకు ఆ మాట నచ్చలేదు. చెల్లెలు పదిహేనేళ్లుగా మేడమీది గదిలో గౌన్లు, చొక్కాలు కుడుతోంది. ఆ గదిలో ఆమె మాటే చెల్లుతుంది. ఫ్యాక్టరీలో ఎవరో కొట్టిన గంటకు లేవాలి, ఎవరో కొట్టిన గంటకు కూర్చోవాలి.

"ఎందుకే, ఏమొచ్చింది?"

"ఆ గదిలో ఉడికిపోతున్నా అక్కా. కూలరూ ఫ్యానూ పొద్దున్నుంచీ ఫుల్లుగా తిరుగుతూనే ఉన్నాయి. చెమట పడి గుడ్డ మరకలవుతోంది. నిన్న ఒకావిడ తెల్లగౌను మొహాన కొట్టి పోయింది."

"నేనొస్తున్నా. అందాకా దేనికీ మాటివ్వకు."

శుక్రవారం సెలవు పెట్టి, సంచిలో రబ్బరు పట్టీలు, థర్మామీటరు వేసుకుని బయలుదేరింది. మరిది గుమ్మంలోనే నవ్వాడు.

"వదినా, మా ఇంట్లో కాపాడ్డానికి మంచుగడ్డలేం లేవు."

"నీ పెళ్లాం ఉందిగా. మంచుగడ్డపాటి చెయ్యదా?"

అతను వెళ్లి నిచ్చెన తెచ్చాడు.

మేడమీది గదిలో కాగితం ఎక్కడ పెట్టినా జారి వచ్చింది. తలుపు కింద వేలు దూరేంత సందు. పడమటి కిటికీ రెక్క వంకర. సాయంత్రానికల్లా ఒక్క సందు వదలకుండా మూసేసింది. పైనున్న వెంటిలేటర్‌కు కూడా అట్ట కొట్టింది. ఉత్తరపు కిటికీ దగ్గరున్న కూలర్‌ను గది మధ్యకు లాగించి, ఆ కిటికీ కూడా బిగించింది.

"రేపు ఈపాటికి దుప్పటి అడుగుతావు చూడు," అంది చేతులు దులుపుకుంటూ.

శనివారం మధ్యాహ్నానికి ఆ గది మూత పెట్టిన గిన్నెలా ఆవిరెత్తింది. కూలర్ వదిలిన తడిగాలికి పోయే దారి లేదు.  చెల్లెలు రేపు వచ్చే ఆమె కోసం మిషన్ తుడిచి, నూనె వేసింది. అది చూసి అక్క గదిలోంచి బయటికి నడిచింది.

మెట్లమీద కూర్చుని తనను తానే తిట్టుకుంది. కోల్డ్ స్టోరేజీలో గాలి గడప దాటకూడదు. కూలర్ సంగతి అది కాదు. బయటి పొడిగాలిని లాగి, తడిపి లోపలికి పంపుతుంది. వచ్చిన గాలి బయటికి పోతేనే చల్లదనం. ఇంత చిన్న విషయం ఇరవై ఆరేళ్ల అనుభవం కింద కనపడకుండా పోయింది. ఏడుస్తూ కూర్చునే రకం కాదు గనుక లేచి పైకి వెళ్లింది.

"తప్పు నాదే. సాయంత్రం దాకా గది నాకొదిలెయ్."

"ఇంకా మూసేందుకు ఏం మిగిలిందక్కా?"

"మూయను. తెరుస్తా."

వెంటిలేటర్ అట్ట పీకేసింది. కూలర్‌ను మళ్లీ ఉత్తరపు కిటికీకి చేర్చి, వీపు బయటికి ఉండేలా పెట్టి, దాని చుట్టూ సందులు మాత్రం మూసింది. ఇస్త్రీ బల్లను వరండాలోకి గెంటించింది. పడమటి కిటికీకి బయట, మూరెడు దూరంలో తెల్ల కాన్వాసు కట్టాలంది. ఎండ అద్దం దాకా వచ్చాక లోపల తెర వేసి లాభమేముంది? మరిది కాన్వాసు అంచు వంకరటింకరగా మడుస్తుంటే చూడలేక చెల్లెలు లాక్కుని తనే కుట్టింది. చివరికి అక్క వెంటిలేటర్ దగ్గర కాగితం పట్టుకుంది. అది బయటివైపు రెపరెపలాడింది. కాగితం ఆగకుండా ఆడుతుంటే సంతోషించడం ఆమెకు అదే మొదటిసారి.

ఆదివారం మూడు గంటలకు మిషన్ కొనే ఆమె వచ్చింది, ఎండకు మొహం కందిపోయి. గదిలో థర్మామీటరు ముప్పై దగ్గరుంది. ఫ్యాను ఆపేసి ఉంది, కూలర్ సగం స్పీడులో తిరుగుతోంది.

"అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. ఏసీ పెట్టించారా?" అంటూ కూర్చుని, "మిషన్ ఓసారి తొక్కి చూడనా?" అంది.

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క నాలుక చివర ఉన్న మాట మింగేసింది. గది చల్లబరచడం తన పని, అందులో ఉండాలా వద్దా అన్నది చెల్లెలి ఇష్టం.

చెల్లెలు కొలతల టేపు తీసి మెడలో వేసుకుంది.

"ఏమీ అనుకోకండి, అమ్మడం లేదు. ఇంత ఎండలో తిప్పాను. ఇంతకీ ఏం కుట్టుకుందామని?"

"మా పాపకి స్కూలు గౌన్లు."

"పాపని తీసుకురండి, నేను కుట్టిపెడతా."

అక్కకు కళ్లు నిండిపోయాయి. మరిది ఊరుకుంటాడా?

"గది చల్లగానే ఉందిగా వదినా, మొహాన ఆ చెమటేంటి?"

"మీరు వేళాకోళం ఆపి కిందికెళ్లండి," అంది చెల్లెలు. "రేపట్నుంచి రానని ఫ్యాక్టరీవాళ్లకి చెప్పెయ్యండి."