నీలకంఠం మావయ్య రాజధాని మార్చిన వైనం

2024 వానాకాలం. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో నేను టెక్నీషియన్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి మా మంచాలు ఖాళీగా ఉండవు. అలాగని బయటివాళ్ళు ఊహించుకునే మూలుగుల గది కాదది. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు పక్కపక్కన పడుకునేవాళ్ళు చుట్టాలైపోతారు. చేపల ధర, జీడిపూత, నిన్నటి సీరియల్ అన్నీ అక్కడే తేలతాయి. ఆ గదిలో మాట్లాడనిది నేనొక్కదాన్నే. సూది గుచ్చేముందు "కొంచెం నొప్పి" అనడానికి కూడా నాకు గొంతు పెగిలేది కాదు.

కిటికీ పక్క మంచం నీలకంఠం మావయ్యది. ఆయన పెళ్ళిళ్ళకు వంట మేస్త్రి. నా మౌనం భరించలేక ఒకరోజు, "సిస్టరమ్మా, ఆ పేపరేదో పైకి సదువు. నీకు నోరు తిరుగుతాది, మాకు పొద్దు పోతాది" అన్నాడు. అప్పటి నుంచి పేపరు చదవడం నా డ్యూటీలో భాగమైపోయింది.

ఆయన ఎడమ మోచేతి మడత దగ్గర ఫిస్ట్యులా ఉండేది. చిన్న ఆపరేషన్ చేసి ధమనిని పక్కనున్న సిరతో కలుపుతారు. రక్తం జోరుకు ఆ సిర లావెక్కుతుంది. మేము సూదులు పెట్టేది అందులోనే. రక్తం మెషీన్‌లోకి వెళ్ళేదీ, శుభ్రపడి తిరిగొచ్చేదీ ఆ దారినే. దాని మీద వేలు ఆనిస్తే, పిల్లి గురగురమన్నట్టు సన్నని అదురు తెలుస్తుంది. దాన్ని థ్రిల్ అంటాం. అది ఉంటేనే ఫిస్ట్యులా బతికున్నట్టు. ఆ చేత్తో బరువులు మోయకూడదు, బిగుతుగా ఏదీ కట్టుకోకూడదు.

ఒక సోమవారం మావయ్య చేతి మీద వేలు పెడితే ఏమీ తగల్లేదు. సిరలో రక్తం గడ్డకట్టింది.

"ఏటి సేసినావో సెప్పు సిస్టరమ్మకి" అంది ఆయన భార్య జానకమ్మ అత్త. ఆయన పైకప్పు వైపు చూశాడు. అత్తే చెప్పింది: "బారువలో పెళ్ళమ్మా. వడ్డించీ మనిసి రానేదని, సాంబారు బకెట్టు తగిలించుకొని పంక్తంతా తిరిగీసినాడు."

మా వైపు విందుల్లో వడ్డించేవాళ్ళు బకెట్ కాడను ఎడమ మోచేతి మడతలో తగిలించుకుని కుడిచేత్తో గరిటె తిప్పుతారు. ఫిస్ట్యులా ఉన్నదీ సరిగ్గా ఆ మడతలోనే.

"ముప్పైయేళ్ళ అలవాటు. సెయ్యి దానంతటదే వంగిపోనాది" అన్నాడు మావయ్య చిన్నగా.

డాక్టరుగారు తాత్కాలికంగా మెడలో కేథటర్ వేయించారు. కేథటర్ అంటే రక్తం మెషీన్‌కు వెళ్ళొచ్చే మెత్తటి గొట్టం. అది ఎక్కువకాలం ఉంటే క్రిములు నేరుగా రక్తంలోకి దిగే ప్రమాదం ఉంది. ఎడమ చేతిలో పనికొచ్చే సిర మిగల్లేదు కనుక కొత్త ఫిస్ట్యులా కుడిచేతికే పెట్టాలి.

మావయ్య ససేమిరా అన్నాడు. "ఎడం సెయ్యి ముందే తీసీసుకున్నారు. కుడిది కూడా ఇచ్చీత్తే నాను గరిటెలా పడతాను? మెడలో గొట్టంతోనే ఉండిపోతాను, పోనీ."

డాక్టరుగారు మూడుసార్లు చెప్పారు. మధ్యలో ఒకసారి గొట్టం వల్ల మావయ్యకు చలిజ్వరం వచ్చి, మందులతో తగ్గింది. అత్త ముఖంలో నవ్వు పోయింది. అయినా ఆయన మాట మార్చలేదు.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు పేపర్లో చదివాను: ఇండోనేషియా దేశం రాజధానిని జకార్తా నుంచి వేరే దీవికి మారుస్తోందని.

"రాజధానంటే నులకమంచమేటి, ఈ మూల్నించి ఆ మూలకి జరిపీడానికి?" అన్నాడు మావయ్య.

"మన రాట్టం రాజధాని ఊసు మాత్రం ఎత్తకండి బాబూ. మెషీన్లు ఆగిపోయినా ఆ తగువు తేల్దు" అంది అత్త. గదంతా నవ్వింది.

"ఎందుకు మారుత్తన్నారంట?"

"భూమిలో నీళ్ళు తోడేసి తోడేసి జకార్తా నేల కుంగిపోతోందట మావయ్యా. పక్కనే సముద్రం. జనం కూడా కిక్కిరిసిపోయారు."

నీళ్ళు అనగానే పక్క మంచాలవాళ్ళు కూడా మా వైపు తల తిప్పారు. ఈ జబ్బుకు తాగే నీళ్ళే కారణమేమోనన్న అనుమానం ఉన్న మా ప్రాంతంలో నీటి మాట తేలిగ్గా తీసుకునేవాళ్ళు లేరు.

"ఇలాగ ఇంకెవులైనా మార్చినారా?" అన్నాడు మావయ్య.

ఆ ప్రశ్న నన్ను అడగకుండా ఉండాల్సింది. టెక్కలిలో చదువుకునే రోజుల్లో నాకు అట్లాసే స్నేహితురాలు. పేపరు మడిచి పెట్టేశాను. సముద్రతీరంలోనే పోగుపడిన జనాన్ని లోపలి ప్రాంతాలకు లాగాలని బ్రెజిల్ రియో వదిలి బ్రసీలియా కట్టుకున్న సంగతి చెప్పాను. రెండు పెద్ద నగరాలు నాకంటే నాకని పంతం పడితే ఆస్ట్రేలియా వాటి మధ్య ఎక్కడో కాన్‌బెర్రా కట్టి తగువు తీర్చుకున్న సంగతి చెప్పాను. నైజీరియాలో లాగోస్ ఓ మూలనున్న ఇరుకు రేవుపట్నం, అందుకని దేశం నడిమధ్య, ఏ ఒక్క జాతిదీ అనిపించుకోని చోట అబూజా కట్టారనీ చెప్పాను. అంతసేపు అంతమంది ముందు నేను మాట్లాడటం అదే మొదటిసారి.

మావయ్య మాత్రం వదల్లేదు. "మరి పాతూర్లు ఏటైపోనాయి? పాడుబడిపోనాయా?"

"అబ్బే. లాగోస్ ఇప్పటికీ ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద ఊరు. ప్రభుత్వం వెళ్ళిపోయింది గానీ రేవు, వ్యాపారం అక్కడే ఉన్నాయి."

ఆయన తన ఎడమ చేతిని దుప్పటి మీదికి తీసి చూసుకున్నాడు.

"సిస్టరమ్మా, రాజధాని కుడి సేతికి ఎల్లిపోతే ఈ ఎడం సెయ్యి లాగోసే కదేటి?"

"అవును మావయ్యా."

"అప్పుడు దీనికి మీ రూల్సుండవు కదా? బకెట్టు తగిలించుకోవచ్చా?"

అది మాలో ఎవరికీ తట్టని విషయం. పరుగున వెళ్ళి డాక్టరుగారిని అడిగాను. గొట్టం తీసేసి, గాయాలన్నీ మానాక, మరీ బరువు కాని బకెట్ ఎడమ చేత్తో పట్టుకోవచ్చు అన్నారు. కుడిచేత్తో తినడం, రాయడం, వడ్డించే గరిటె తిప్పడం నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. పొయ్యి మీది పెద్ద గుండిగలు మాత్రం దించకూడదు.

"ఇదేదో ముందే సెప్పొచ్చు కదా! రెండు సేతులూ పోతాయనుకొని సచ్చినాను" అన్నాడు మావయ్య.

"నువ్వు ఇనిపించుకున్నావేటి? రాజధాని మార్చడానికి బ్రెజిలోల్లు దిగిరావలసొచ్చింది" అంది అత్త, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే.

ఆ వారమే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. కొత్త ఫిస్ట్యులా పనికొచ్చేలా బలపడడానికి కొన్ని నెలలు పట్టింది. మెడలో గొట్టం తీసేసిన రోజు మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి మా స్టాఫంతా ఆయన కుడిచేతిని అబూజా అనే పిలిచేవారు.

చేయబోయే చికిత్సను రోగికి వివరించడాన్ని కౌన్సెలింగ్ అంటాం. అప్పటిదాకా మేము ఏం చేయకూడదో మాత్రమే చెప్పేవాళ్ళం. ఇప్పుడు నేను ఏది పోతుందో చెప్పాక, తిరిగి చేతికొచ్చేదేమిటో కూడా చెబుతాను. అది తెలియకపోతే కనుక్కుని వస్తాను. గొంతు ఇంకా వణుకుతుంది గానీ ఆగదు.

మరుసటి వేసవిలో సుమ్మాదేవి అనే ఊరి దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తి చివర తలవంచుకుని కూర్చుంటే విస్తరి ముందు ఎవరో ఆగారు. ఎడమ మోచేతికి చిన్న పప్పు బకెట్, కుడిచేతిలో గరిటె.

"లాగోసుకి బకెట్టిచ్చీసినాను సూడు" అన్నాడు మావయ్య. గరిటె బకెట్లో వదిలి కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. నా కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేతి వేళ్ళు ఆయన మోచేతి మడత మీద ఆనించాను.

గురగురలాడుతోంది.

"పప్పు, పప్పు!" అని అవతల ఎవరో కేకేస్తున్నారు. "ఉండండహే, సిస్టరమ్మ రాజధాని సూత్తంది" అన్నాడాయన.